మాస్టారి మోకాలి నొప్పి

మోకాలి నొప్పని, ఆదివారం ర్యాలీకి రాలేనని రాశారా? ఏ మోకాలంట? కుడిదా, ఎడమదా? ఉత్తరం మీ చేతిలోనే ఉందిగా, చూసి చెప్పండమ్మా.

కుడిదా. అదీ సంగతి. పొద్దున నాతో ఎడమదన్నారు. ముప్పై మూడేళ్లు నర్సుగా చేశాను నేను. మోకాలు నొప్పున్నవాళ్లు ఎలా నడుస్తారో, లేనివాళ్లు ఎలా కుంటుతారో నాకు తెలీదా? మా ఆయన, అదే మీ మాస్టారు, గుమ్మం దాకా కుంటుకుంటూ వెళ్లి, గేటు దాటగానే చక్కగా నడిచి మీ ఆఫీసుకొచ్చి ఇది ఇచ్చిపోయారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా.

ఉండండి, కాస్త ఫ్యాను కింద కూచుంటా. ఎండన పడి వచ్చా. మీరు కొత్తగా వేయించిన ఆకుపచ్చ సైకిల్ దారి మీదే వచ్చాలెండి. మొదట్లో టిఫిన్ బండి పెట్టారు. అది దాటితే ఎవరో ధాన్యం ఆరబోశారు. కోపం తెచ్చుకోకండి మరి. నున్నగా రోడ్డేసి, పక్కన ప్లాస్టిక్ స్తంభాలు పాతి, లారీలు రాకుండా చేసి ఇస్తే ఇంకెక్కడ ఆరబోస్తారు? ఇంత మంచి కళ్లం బాపట్ల మొత్తంలో లేదు. ధాన్యం మాత్రం నేను తొక్కలేదు, పక్కనుంచే వచ్చా.

హమ్మయ్య, నవ్వారు. ఇక చెప్పడం తేలిక. ఈ వార్డు సచివాలయంలో మీరు ప్లానింగ్ సెక్రటరీగా చేరి ఏడాదవుతోందా? మిమ్మల్ని మేడం అనాలో, శ్రీజమ్మా అనాలో నాకింకా తేలట్లేదు. మీకు పోలియో చుక్కలు వేసింది నేనే. నోరు తెరవమంటే నా వేలు కొరికారు.

సరే, అసలు సంగతికొస్తా. బజార్లో కట్టారు చూడండి ఆ ఫ్లెక్సీ, తెనాల్లో వేయించారటగా. 'అందరి దారి' అని పైన పెద్దక్షరాలు. కింద బర్నబాస్ మాస్టారి ఫొటో, పక్కన సైకిలు. 'నలభై ఏళ్లుగా సైకిలే నేస్తం. నలభై ఏళ్లలో ఒక్క ప్రమాదం లేదు. ఆదివారం సూర్యలంక దాకా మన ర్యాలీకి ముందుండేది మాస్టారే.' అదేగా రాశారు?

ఒక్క ప్రమాదం లేదన్నది నిజమేనమ్మా. అక్షరాలా నిజం. ఎక్కితే కదా పడటానికి?

అవును, అదే అన్నా. ఆయన సైకిలెక్కరు. మీరే గుర్తు చేసుకోండి, చిన్నప్పట్నుంచీ చూస్తున్నారుగా. హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ పోవడం తప్ప, సీటు మీద కూచోగా ఎప్పుడైనా చూశారా? వెనక పుస్తకాల సంచి, ముందు అన్నం డబ్బా, అటూ ఇటూ పిల్లలు, మధ్యలో ఈయన నడక. పిల్లలతో కబుర్లాడటానికి దిగి నడుస్తున్నారనుకున్నారు అందరూ. రిటైరైన రోజు హెడ్మాస్టరు గారు స్టేజీ మీద అదే చెప్పారు. పిల్లలు నడుస్తుంటే తనొక్కడూ సైకిలెక్కి పోలేని మంచి మనిషి అన్నారు. జనం ఒకటే చప్పట్లు. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటే, పాపం కాంతమ్మ గారు ఏడుస్తున్నారని పక్కావిడ నా వీపు నిమిరింది.

ఎందుకు నవ్వానంటారేంటి? ఆయనకి సైకిలు తొక్కడం రాదనుకున్నా. పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగితే నడక ఆరోగ్యమన్నారు. రాదని చెప్పుకోలేక అలా అంటున్నారులే, పోనీ అని వదిలేశా. రాని సైకిలు ఎందుకు కొన్నట్టు? మాస్టారన్నాక సైకిలుండాలని మొదటి జీతంతో కొనుంటారు. అలా నాకు నేనే చెప్పుకున్నా. ఎవరికీ చెప్పలేదు. నర్సుని కదమ్మా, ఒకరి గుట్టు దాచడం నాకు అలవాటే.

ఫ్లెక్సీ ఫొటో చూసి రేపల్లె నుంచి మా డేనియల్ ఫోన్ చేశాడు. అమ్మా, నాన్నకి సైకిల్ తొక్కడం వచ్చా అని. కన్నకొడుక్కే తెలీదు, చూడండి.

ఇక మంగళవారం పొద్దున సంగతి వినండి. పాల ప్యాకెట్టు కోసం బయల్దేరా. మంచం మీద మనిషి లేడు. చర్చి పక్కనుంచి పోతుంటే గేటు వేసుంది, లోపలేమో చక్రం చప్పుడు. సందులోంచి తొంగి చూద్దును కదా, లుంగీ ఎగ్గట్టి, సైకిలెక్కి, చర్చి చుట్టూ గిరగిరా తిరిగేస్తున్నారు. ఒక చెయ్యి వదిలేసి మరీను. మలుపు తిరిగేటప్పుడు గంట కూడా కొట్టారు, అడ్డం ఒక్క పిల్లయినా లేకపోయినా. అరవై ఆరేళ్ల మనిషమ్మా.

ఎంత బావుందో అంటారు మీరు. నాకు ఒళ్లు మండిపోయింది. డేనియల్ కడుపులో ఉన్నాడు, తొమ్మిదో నెల. బస్సు దిగి ఇంటి దాకా ఆ సైకిలు పక్కన నడిచా. వెనక క్యారియర్ ఖాళీగా ఉంది. ఎక్కమని ఒక్క మాట అన్లేదు. రాదులే పాపం, ఏం చేస్తాడని సరిపెట్టుకున్నా. వచ్చీ నడిపించాడంటే ఊరుకోవాలా? గేటు తోసుకుని లోపలికెళ్లి, చర్చి అని కూడా చూడకుండా కడిగిపారేశా. ఎన్నాళ్లుగా ఈ భాగోతం అంటే, ఏటా క్రిస్మస్ ముందు ఆవరణ ఊడ్చే వంకన గేటేసుకుని నాలుగు చుట్లు తిరుగుతారట. ఈసారి ర్యాలీ కోసమని ముందే మొదలెట్టారట. మేమేమో మాస్టారికి ఎంత భక్తో అనుకున్నాం.

నా తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, సైకిలు గోడకానించి, మెట్ల మీద కూచుని అప్పుడు చెప్పారు. మంచినీళ్లు కాస్త ఇస్తారా? ఇది చెప్పాలంటే గొంతు తడవాలి.

మన వార్డు అప్పట్లో ఊరే కదా, ఇంకా మున్సిపాలిటీలో కలవలేదు. మా పేట అటు చివర, బడి ఇటు చివర. మధ్యలో మీ పెద్దవీధి. ఆ వీధిలో మావాళ్లు సైకిలెక్కి పోకూడదు. మొదట్లో దిగాలి, నడిపించుకుని పోవాలి, వీధి దాటాక మళ్లీ ఎక్కాలి. మీ సైకిల్ దారికి ఎన్ని బోర్డులు పెట్టారు, పదహారా? అయినా టిఫిన్ బండి వాడు చూడట్లేదు. ఆ వీధికి ఒక్క బోర్డు కూడా లేకుండానే మావాళ్లందరూ దిగేవాళ్లు.

ఈయనకి పదకొండేళ్లు. వాళ్ల నాన్న సైకిలు, సీటెక్కితే కాళ్లందవు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి వంకరగా తొక్కుకుంటూ పోతున్నారు. వాళ్ల నాన్న వెనక నడిచొస్తున్నారు. మంచి ఊపులో ఉన్నాడు పిల్లాడు, వీధి వచ్చేసింది, దిగడం మర్చిపోయాడు. ఒకింటి అరుగు మీద ఒకాయన కూచునున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు, లేవను కూడా లేదు. గొంతు సవరించుకున్నాడు. అంతే.

మా మావగారు పరుగెత్తుకొచ్చి కొడుకుని సైకిలు మీంచి లాగేసి, చెంప మీద ఒక్కటిచ్చి, ఆ అరుగుకి దణ్ణం పెట్టారట. ఆయన కొడుకు మీద చెయ్యి చేసుకుంది అదొక్కసారే. ఆ సాయంత్రం అన్నం ముందు కూచుని ఆయనే ఏడ్చారట. దెబ్బ నాకేం నొప్పెట్టలేదు కాంతం, మా నాన్న ఏడిస్తే చూడలేకపోయా అన్నారు మాస్టారు.

ఆ రోజు మానేశారు రోడ్డు మీద సైకిలెక్కడం. ఎలాగూ వీధి మొదట్లో దిగాలిగా, ఆ మాత్రానికి ఎక్కడమెందుకు అనుకున్నారట. ఇప్పుడా పద్ధతి ఎక్కడుంది చెప్పండి? మా పేట పిల్లలు బైకుల మీద హారన్ కొట్టుకుంటూ పోతారు, పొమ్మనేవాడు లేడు, ఆగమనేవాడు లేడు. ఆయనకీ తెలుసది. కానీ ఆ వీధి మలుపు రాగానే కాళ్లు వాటంతటవే దిగిపోతాయట. ఆదివారం మూడొందల మంది పిల్లల్ని వెంటేసుకుని వస్తూ, సరిగ్గా అక్కడ దిగిపోతానేమోనని భయం. ముందున్న మాస్టారు దిగితే వెనకున్న పిల్లలూ దిగుతారు కాంతం, వాళ్లకి నేను అది నేర్పనా అన్నారు. అదమ్మా మోకాలి నొప్పంటే.

ఆ అరుగు మీద ఆయనెవరా? తెలుసుకుని ఏం చేస్తారు? వద్దులెండి.

సరే, అడిగారు కనక మిమ్మల్నే అడుగుతా. ఆదివారం ఆ మలుపులో కుర్చీ వేయించి, జెండా ఊపడానికి ఎవర్ని పిలిచారు? వీధి మొత్తానికి పెద్దాయనని ఎవర్ని పిలిచారు?

అవునమ్మా. మీ తాతగారే. రంగనాయకులు గారే.

అయ్యో, కూచోండి. మీరెందుకు లేస్తారు? అప్పటికి మీరింకా పుట్టనే లేదు, మీ నాన్నే నిక్కర్లేసుకుని తిరుగుతున్నారు. మీరు క్షమించమనడమేంటి, నాతో? ఇదిగో, ఆ పెన్ను పక్కన పెట్టండి. రూటు మార్చొద్దు. మారిస్తే నేనూరుకోను. తాతగార్ని రావద్దని కూడా చెప్పొద్దు. ఎనభై ఏడేళ్ల మనిషి, ఆయనకి ఇది గుర్తు కూడా ఉండదు. అడిగి చూడు, ఏ బర్నబాస్, ఏ సైకిలు అంటారు. దానికే నాకు మండుతుంది, కానీ ఏం చేస్తాం.

ఒక్కటే ఇబ్బంది. ఇప్పుడు మీ తాతగారికి దగ్గు. నిముషానికోసారి గొంతు సవరిస్తూనే ఉంటారు, ఎవర్నీ ఏమీ అనకపోయినా. కాబట్టి ఆదివారం పొద్దున్నే మిరియాల పాలు తాగించి కూచోబెట్టు. అరగంట దగ్గకుండా ఉంటే చాలు.

నవ్వకు, ఇంకా ఉంది. నేను వెనక ఎక్కుతా. క్యారియర్ మీద. నా బరువు డెబ్భై ఎనిమిది. నేను వెనకుంటే ఆయన దిగలేరు. దిగితే నేను పడతా. ఆయన నన్ను నడిపిస్తారు కానీ పడెయ్యరమ్మా, అంత మటుకు నాకు తెలుసు. సైకిలుకి ఒక్కరే అని మీ కాగితంలో రూలు రాశారు, చదివా. హెల్మెట్ పెట్టుకుంటా. మెరిసే చొక్కా ఇస్తే చీర మీదే తొడుక్కుంటా. సూర్యలంక దాకా అడగట్లేదు, ఆ వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి. ఆ చివర్న ఆటో ఎక్కి మీ వెనకే వస్తా. ఆ కాసేపు నువ్వు అటు తిరిగి ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండు.

ఆయనకి చెప్పానా? చెప్తే ఇంకో మోకాలు కూడా నొప్పంటారు. ఆదివారం అక్కడికొచ్చాక ఎక్కేస్తా.

ఇంకోటి కూడా విను, మళ్లీ ఎవరో చెప్తే తెలిసేకంటే. మీరు ఇంటింటికీ కాగితాలు పంచారు కదా, మీ వార్డులో ఆదర్శంగా సైకిలు వాడేవారి పేరు రాయండని. మాస్టారి పేరు రాసింది నేనే. నా రాత కనిపెడతారని ఎడం చేత్తో రాశా. పిల్లలెవరో రాశారని మురిసిపోయారు కదూ మీరంతా? పెళ్లాన్నమ్మా రాసింది. రాదన్న సంగతి బయటపడితే ఆయన మొహం ఎలా పెడతారో చూద్దామని రాశా. చూశాగా, చర్చి మెట్ల మీద.

ఆ ఉత్తరం ఇటివ్వు. ఇవ్వమ్మా, ఆఫీసు కాగితమైతే ఏం, రిజిస్టర్లో ఎక్కించలేదుగా ఇంకా. ఆఁ, చింపేశా. ఇంక ఎవరి మోకాలూ నొప్పి లేదు.

కళ్లు తుడుచుకో. ఆఫీసులో ఎవరైనా చూస్తే ముసలావిడ ఏదో పెన్షన్ కోసం గొడవ పెట్టుకుందనుకుంటారు. పద, నేనూ వెళ్తా.

పోతూ పోతూ ఒకటి చెప్పి పోతా, మనసులో పెట్టుకోలేక. మీ తాతగారికి బుధవారం బుధవారం నరాల బలానికి ఇంజెక్షన్ చేసేది నేనే కదా. ఇరవై ఏళ్లుగా చేస్తున్నా. మంగళవారం మాస్టారు ఇదంతా చెప్పారా, మర్నాడే బుధవారం. వెళ్లకూడదనుకున్నా. అయినా వెళ్లా. ఎప్పట్లాగే ఎదురొచ్చారు, కుర్చీ వేయించారు, కాఫీ ఇప్పించారు, మాస్టారు కులాసాయేనా అనడిగారు. అడిగి, గొంతు సవరించుకున్నారు.

సూది కాస్త గట్టిగానే దించా. అబ్బా అన్నారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ నొప్పి తెలీలేదే కాంతమ్మా, ఇవాళేంటి అన్నారు. వయసైపోయింది కదండీ, చెయ్యి వణుకుతోంది అన్నా. పాపం, ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమ్మా అన్నారు.

నా చెయ్యి వణకలేదమ్మా. ఈ చెయ్యి ఎప్పుడూ వణకదు.