ఇంటు గుర్తు బొక్క

"బాపమ్మా, గీ కెమెరల రీలు ఎయ్యకుంటనే తాత ఫ్లాషు కొట్టి చూస్తుండెనట, ఎందుకే?"

ఎందుకంటె ఏం జెప్పాలె బిడ్డా, గా పని నేర్పిందే నేను. నవ్వకు! సరే, పూరాగ నేను గాదు, జగిత్యాల స్టూడియో ఆయినె జెప్పిండు, నేను జేశిన. ఆగు, మొదటికెల్లి జెప్త.

గప్పుడు మన సిరిసిల్లల సాంచాలు బందైనయి. బట్ట నేస్తె కొనేటోడు లేడు. మీ తాత సాంచాల పనికని బొంబాయి దిక్కు బీమండి పోయిండు, ఆడ గూడ పని సక్కగ లేక తిరిగొచ్చిండు. వచ్చెటప్పుడు ఏం దెచ్చిండనుకున్నవ్? చీర గాదు. ఎవ్వడో వాడి ఇడిచిపెట్టిన గీ కెమెర, మీదికెల్లి ఒక ఫ్లాషు. నాకు ఒళ్లు మండింది. కందిపప్పు కొననీకి ఎనుకముందాడె రోజులాయె, గాయినకు కెమెర గావాలె! "దీనితోని బతుకుదామే, లేకుంటె దుబాయ్ పోవుడే" అన్నడు. ఏజెంటుకు పాసుపోర్టు గూడ ఇచ్చి పెట్టిండు. గా మాట ఇన్నంక నేనేమంట? కెమెరకు బొట్టు వెట్టి నేనే మొక్కిన.

ఫోటువలు దీసిన మొదటి పెండ్లి వేములవాడల, లాడ్జి హాల్ల. పిలగానిది కోరుట్ల, పెండ్లైన వారానికే దుబాయ్ పోవాలె. ఫ్లాషు తళ్లు తళ్లు మెరుస్తాంది, ముసలోళ్లు కండ్లు మూసుకుంటున్రు, పోరగాండ్లు ఎగురుతున్రు. "ఏం ఎలుగురా నాయనా" అన్నరందరు. నేను ఆడోళ్ల నడుమ ఫోజు గొట్టుకుంట కూసున్న. రీలు జగిత్యాలల కడిగిస్తె ఏమొచ్చింది? నలుపు. తాళి గట్టుడు నలుపే, తలంబ్రాలు నలుపే.

పిలగాని తల్లి కోరుట్లకెల్లి బస్సెక్కి మా ఇంటి మీదికచ్చింది. దారంత తిట్లు కూడగట్టుకున్నట్టున్నది. "నా కోడలు గింత నల్లగున్నదా?" అని ఫోటువ నా మొఖం మీద పట్టింది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. మల్ల ఆమెనే కూలవడి, "నా కొడుకు దుబాయ్ల ఏం జూసుకొని ఉండాలె" అని ఏడ్సింది. తెల్లారి మీ తాత "బట్టలు సదురు, నేను గూడ పోత" అన్నడు. మీ నాయిన కడుపుల ఉన్నడప్పుడు.

"పోతె పో, ముందుగాల గీ కెమెర ఎందుకు సతాయిస్తందో జూడు" అని పట్టువట్టిన. జగిత్యాల ఆయిన జెప్పిండట, రీలు తీసెయ్, వెనుక మూత తెరువు, సున్నం గోడ దిక్కు పెట్టి కొట్టు, అద్దంలకెల్లి ఎలుగు కనవడాలె అని. తలుపులేసి, కిటికీకి గొంగడి గట్టినం. మీ తాత ఒత్తుతడు, నేను వెనుకకెల్లి కన్ను వెట్టి చూస్త. ఇల్లంత ఎలుగు, కెమెరల చీకటి! అంటె ఫ్లాషు మెరిసి ఆరినంక కెమెర తెరుసుకుంటాంది, బువ్వలైనంక అచ్చిన చుట్టం లెక్క.

నేను చేతులకు తీసుకొని చూసిన. ఫ్లాషు వైరు వెట్టె బొక్కలు రెండున్నయి. "గీ రెండోదాండ్ల ఎందుకు వెట్టలే?" అన్న. "దానికి ఇంటు గుర్తున్నది కనవడ్తలేదా? ఇంటు అంటె తప్పు. వైరున్న దానికి ఇంగ్లీషు ఎమ్మున్నది, గిదే మంచిది" అన్నడు. ఇగ జూడు! బళ్లె సారు పలక నిండ ఇంటు గొట్టి గొట్టి, గా గుర్తంటెనే గాయినకు జరం. అండ్ల వెడితె పేలుతదట!

"పేలితె పేలనియ్, దుబాయ్ కంటె నయమే" అని నేనే గుచ్చిన. కొట్టుమన్న. వెనుకకెల్లి జూస్తె జొన్నరొట్టె లెక్క తెల్లగ, గుండ్రంగ ఎలుగు! నేను ఒర్రిన ఒర్రుడుకు పక్కింటోళ్లు ఉరికచ్చిన్రు, మొగడు కొట్టిండనుకొని. ఎమ్ము పాతకాలం బల్బు ఫ్లాషుకట, మాదసొంటి ఫ్లాషుకు ఇంటు గుర్తుదట. ఎనుక తెల్సింది. గప్పటికెల్లి ఏ పెండ్లికి పోయినా, ముందుగాల రీలు ఎయ్యకుంట కొట్టి చూసినంకనే పోయేటోడు.

కోరుట్ల పోయి పెండ్లోళ్లను మల్ల ముస్తాబు జేసినం. అయ్యగారు మల్ల తాళి గట్టనియ్య అన్నడు, ఉట్టిగనె పట్టుకొమ్మన్నం. అప్పగింతల ఫోటువల పిల్ల ఏడ్వాలె గద, పకపక నవ్వుతాంది. అప్పటికే అత్తింట్ల ఉన్నదాయె! పిలగాడు గదే ఫోటువ ఏరుకొని దుబాయ్ కొంచవోయిండు. మీ తాత పోయి పాసుపోర్టు ఎనుకకు దెచ్చుకున్నడు. గా ఇంటు గుర్తే ఆయినను ఇంట్ల ఉంచింది బిడ్డా.

గని మా స్టూడియో దేంతోని నడిచిందనుకున్నవ్? గా కరువుల పెండ్లిళ్లేడియి? దుబాయ్ పోయెటోళ్ల పాసుపోర్టు ఫోటువలతోని. సాంచాలోళ్లు, కల్లుకు తాళ్లెక్కెటోళ్లు, ఒక్కొక్కడు తలకు నూనె రాసుకొని కూసునేటోడు. పెండ్లాం తలుపుకాడ నిలవడేది. ఒకడు "నవ్వాల్నా అన్నా?" అన్నడు. "వద్దు తమ్మీ, నవ్వితె తీసుకోరట" అన్నడు మీ తాత. "మంచిదైంది, నవ్వు అస్తనే లేదు" అన్నడు వాడు.

వాని పెండ్లానికి ఇంత చాయ్ పోసిన, ఇంకేం జేస్త? మా ఆయిన ఫోటువ దీసి, లోపలికచ్చి, "బువ్వ వెట్టు" అన్నడు. వెట్టిన. ఎదురుంగ కూసోని తినేదాక చూసుకుంట కూసున్న.

నీకు గూడ గసొంటోడే దొరకాలె బిడ్డా. కోపమొస్తె తిట్టనీకి కండ్ల ముందట ఉండేటోడు. చల్లగుండు…