మంచం దిగిన కాళ్ళు

ఫిజియో గది బయట బెంచీ మీద కూర్చుంటే చాలు, దర్జీ తాతగారి నోటికి పట్టపగ్గాలుండవు. మోకాళ్ళు అరిగాయి గానీ, ఆ నోరు మాత్రం అరగలేదు.

“మొన్న నా తొడకి కరెంటు బిళ్ళలు అంటించారు చూడండీ, కండ రాయిలా బిగిసి కాలు పైకి లేచింది. కాసేపటికి ఫిజియో అమ్మాయి బిళ్ళలు పీకేసి, ఇక దించండి తాతగారూ అంది. దిగితేగా! ఇద్దరు మనుషులు పట్టుకుని కిందకి లాగారు. ఆ ఇద్దరూ గాల్లోకి లేచారు గానీ, కాలు దిగలా.”

“మరి ఇంటికెలా వెళ్ళారు?” అన్నాడు పక్కనున్న బస్సు డ్రైవరు.

“అదే తీసుకెళ్ళింది, నేను ఊరికే వెనకాల వెళ్ళా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకా తెల్లారలేదు. మెలకువొచ్చి దుప్పటి తీస్తే నడుము దాకానే ఉన్నాను. కాళ్ళు లేవు!”

ఆ చివర కూర్చున్న టీచరమ్మ కళ్ళజోడు తీసేసింది.

“ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు. నలభై ఏళ్ళు తొక్కినవాణ్ణి, ఆ చప్పుడు నాకు తెలీదా? అవి నన్నొదిలి వెళ్ళి, దీపం కూడా లేకుండా తొక్కుతున్నాయి. రోజూ ఇదే వరస. తెల్లారేసరికి వచ్చి అతుక్కుంటాయి. పాదాలు ముట్టుకుంటే ఐసుముక్కలే.”

“ఏం కుడుతున్నాయండీ?” అంది టీచరమ్మ మెల్లగా.

తాతగారి గొంతు తగ్గింది. “తెల్ల చొక్కా. నిన్న పగలు గోడ పట్టుకుని వెళ్ళి చూశా. కొలతలు నావే.”

ఎవరూ నవ్వలేదు. ఆయన కోసిన కోతల్లో అదొక్కటే నిజం మరి. చప్పుడు నిజంగానే విన్నారు, చొక్కా నిజంగానే చూశారు. తన ఆఖరి బట్టలు ముందే తయారవుతున్నాయని ఆయనకి లోపల ఒకటే భయం. ఇంట్లో ఎవరినీ అడిగే ధైర్యం లేక ఇక్కడ ఇలా వాగుతున్నారు.

“కాళ్ళు తొక్కాయి సరే,” అన్నాడు డ్రైవరు. “గుడ్డ పట్టుకున్న చేతులెవరివి?”

తాతగారు తన అరచేతులు చూసుకున్నారు. ఈ ప్రశ్న ఆయనకి తట్టనే లేదు.

“నావి,” అంది వెనక నుంచి ఆయన భార్య, మందుల సంచీతో వస్తూ. “చేతులూ నావే, కాళ్ళూ నావే. ఇక మిషను ఎక్కలేనన్నారుగా? మీ కళ్ళెదుట తొక్కితే బాధపడతారని, వీధి దీపం వెలుగులో మీ చొక్కా మీదే నేర్చుకుంటున్నా.”

బెంచీ అంతా పగలబడి నవ్వింది. “అయితే తాతగారి కాళ్ళు మంచం దిగనే లేదన్నమాట!” అన్నాడు డ్రైవరు.

“దిగితే బాగుండేది,” అందావిడ. “కరెంటు వచ్చినప్పుడల్లా మీరూ కాలు చాపండని ఆ ఫిజియో పిల్ల మొత్తుకుంటుంది. ఈయనేమో అంతా కరెంటే చూసుకుంటుందని కళ్ళు మూసుకుని కూర్చుంటారు.” తర్వాత ఆయన వైపు వంగి, “చొక్కా ఎడం చెయ్యి కురచైందండీ. విప్పి కుట్టడం నాకు రాదు,” అంది.

అంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది. బిళ్ళలు అంటించారు. తొడ జివ్వుమనగానే, ఫిజియో అమ్మాయి నోరు తెరవకముందే, తాతగారు పళ్ళు బిగబట్టి మోకాలు చాపారు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగినా వదల్లేదు.

బయటికొచ్చాక డ్రైవరు కన్ను గీటాడు. “ఇవాళ కాలు ఎంత ఎత్తు లేచింది తాతగారూ? సీలింగు దాకానా?”

“జానెడు,” అన్నారు తాతగారు.