పన్నెండేండ్ల ఓబుళరెడ్డి ఎత్తిన గుండు

ప్రొద్దుటూరులో అన్సర్ జిమ్ము పక్కనే మసరత్ టీ అంగడి. ఆ సాయంత్రం ఆ అంగడి బెంచీ మీద ఓబుళరెడ్డి కూర్చున్నాడంటే టీ కోసం కాదు. మనవరాలు సహస్రను ఆ జిమ్ము మాన్పించి ఇంటికి పిల్చుకుపోవాలని వచ్చాడు. వచ్చీ రాగానే తీర్పు చెప్పేశాడు.

"పదారేండ్ల పిల్లకు బరువులేంది అన్సరూ? ఎదిగే వయసులో బరువు మోపితే ఎముక ముదిరిపోతాది. గిడసబారిపోతాది. ఇంగ బెత్తెడు ఎత్తు పెరగదు. రేపు పెండ్లిలో పీట మీద పీటేసి నిలబెట్టమంటావా?"

సహస్ర జిమ్ము గడపలో నిలబడి వింటోంది. చేతులకు పూసుకున్న సుద్దపొడి ఇంకా కడుక్కోలేదు. ఆదివారం పులివెందులలో పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలకు బలపోటీలు. ట్రాక్టరు టైరు తిప్పాలి, ఇసుక మూట మోయాలి, చివర్న రాతి గుండు ఎత్తి దిమ్మె మీద పెట్టాలి. దానికోసం పోయిన ఎండాకాలం నుంచి ఆమె పడని పాట్లు లేవు. అన్సర్ మొదట్లో ఒట్టి రాడ్డు తప్ప ఇంకేదీ ముట్టుకోనివ్వలేదు. మోకాళ్లు వంచు, నడుము నిటారుగా పెట్టు, ఊపిరి బిగబట్టు అని అదే పాట. విసుగొచ్చి ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు యాభై కిలోల గుండును గుండెల దాకా లేపుతోంది. ఇంట్లో నాయనేమో, "మీ జేజినాయన ఊ అంటే పో, లేకుంటే ఆ మాటెత్తొద్దు" అనేశాడు. జేజినాయన ఓబుళరెడ్డేమో ఊ అనేటట్టు లేడు.

"మెల్లమెల్లగా పెంచుకుంటా పోతే ఏం కాదు మామా," అన్నాడు అన్సర్. "డాక్టర్లే చెప్తాండారు, పద్ధతిగా నేర్పిస్తే ఎముకకు మంచిదని."

"డాక్టర్లకేం తెలుసు? బరువు సంగతి ఎత్తినోడు చెప్పాల."

ఆటో నడిపే మొయిన్ అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊరికే ఉండొచ్చు కదా. "నువ్వెప్పుడన్నా ఎత్తినావా మామా? కనీసం గ్యాసు బండన్నా?" అన్నాడు.

అన్సర్ తల పట్టుకున్నాడు. మసరత్ ఇంకో గిన్నె పాలు పొయ్యి మీద పెట్టింది. ఓబుళరెడ్డి నోరు తెరిస్తే ఒక విడత టీ చాలదని ఆమెకు తెలుసు.

"ఏందిరా అన్నావు? గ్యాసు బండనా?" ఓబుళరెడ్డి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "కొండాపురం పక్కన మా ఊరు, ఇప్పుడు గండికోట రిజర్వాయర్ నీళ్లలో మునిగిపోయిందే, ఆ ఊర్లో తిరునాలకు గుండు ఎత్తే పోటీ పెట్టేవాళ్లు. నున్నటి గుండు, చేతికి చిక్కదు. నాకప్పుడు ఇరవై ఏండ్లు. మీసాలు మెలేసిన మొగోళ్లంతా ఒగని ఎనక ఒగడు ఎత్తలేక పక్కకు పోయినారు. నేను టెంకాయ కొట్టి, అరచేతులకు విబూది పూసుకోని, మోకాలి దాకా లేపినా. అంతే. అబద్ధం చెప్తే నా నోట్లో పురుగులు పడతాయి."

అది నిజమే. సహస్రకు వాళ్ల జేజి కూడా చెప్పింది. అక్కడ ఆపి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

"మోకాలి దాకానేనా?" అన్నాడు మొయిన్.

ఆ మాట ఓబుళరెడ్డికి ముల్లులా దిగింది.

"మోకాలి దాకా అనేది మొదటి పట్టురా! రెండో పట్టుకు భుజం మీదికే వచ్చేసింది. పద్దెనిమిదేండ్ల ఉడుకు రక్తం, ఆగుతాదా?"

"ఇరవై అన్నావు గదా?"

"పద్దెనిమిది పోయి పంతొమ్మిది పడుతుంటే ఇరవై అనరా? మాటకు అడ్డం రావద్దు. భుజానికెత్తినాక దాన్ని ఎనక్కి పడేయాల, అదీ పందెం. పడేద్దామని తిరిగి చూస్తే ఎనకాల మా మేనమామ కూర్చోని బొరుగులు తింటాండాడు. పడేస్తే మామ పచ్చడే గదా. జనం లేని తావు చూసుకోని పడేద్దామని అట్లే భుజాన పెట్టుకోని నడిచినా. తిరునాల కదా, యాడ చూసినా జనమే. నడిచీ నడిచీ జమ్మలమడుగు వచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందన్నా?" అంది మసరత్, టీ వడగడుతూ.

"బస్టాండులో పులివెందుల బస్సుంటే ఎక్కినా. కండక్టరు చూసి దీనికి లగేజీ టికెట్టు కొట్టాల అన్నాడు. ఇది లగేజీ కాదప్పా, పందెం ఇంగా నడస్తాంది, భుజం దిగితే ఓడినట్టే అని చెప్పి ఎనక సీట్లో కూర్చున్నా. కూర్చున్నానో లేదో, బస్సు మూతి ఆకాశానికి లేసింది. ముందు చక్రాలు గాల్లో తిరుగుతాండాయి. డ్రైవరుకు రోడ్డు కనపడక మబ్బులు కనపడతాండాయి. నాయనా, పెద్దాయనా, దిగు సామీ అని రెండు చేతులా మొక్కినాడు."

"పద్దెనిమిదేండ్లోన్ని పెద్దాయనా అన్నాడా?"

"బలానికి మొక్కినాడు లేరా! అయినా పద్దెనిమిది యాడివి? పదారే. బడిలో చేర్చేటప్పుడు మా నాయన రెండేండ్లు ఎక్కువేసి రాయించినాడు."

అంగడి ముందు జనం పెరుగుతున్నారు. కూరగాయల సంచీలతో పోయేవాళ్లు కూడా ఆగిపోయారు. సహస్రకు ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు. కథ ముందుకు పోయేకొద్దీ గుండు పెరుగుతోంది, దాన్ని మోసే మనిషి వయసు తరుగుతోంది. ఈయన బస్సులు లేపుతాడంట, తను మాత్రం యాభై కిలోలు ముట్టుకోకూడదంట!

"దిగి చూస్తే బస్సు ఎనక చక్రాలు రోడ్డులోకి కూరుకోనిపోయినాయి. పాపం నా వల్లే గదా. ఒగ భుజాన గుండు, ఇంగో భుజాన బస్సు. ప్యాసింజర్లను దిగమంటే, టికెట్టు తీసుకున్నాం మేం దిగం పో అన్నారు. సరే కూర్చోండి అన్నా. అట్లే పెన్నలోకి దిగినా. ఆ ఏడు పెన్న రెండు గట్లూ తొక్కి పారతాండాది. నేను నడిమధ్యకు పోయి నిలబడేసరికి ఏరు ఆగిపోయింది. ఎనక తాడిపత్రిలో వీధుల్లోకి నీళ్లు, ముందర మన ప్రొద్దుటూరులో ఏరు ఎండిపోయి జనం చేపలు గంపల్లో ఏరుకున్నారు. అడుగు మీ అబ్బనడుగు!"

"మా అబ్బ చచ్చిపోయి శానా ఏండ్లయింది మామా," అన్నాడు మొయిన్.

"అందుకే సాక్ష్యం లేకపోయె!"

"అబద్ధమాడినా అతికినట్టుండాలన్నా," అంటూ మసరత్ గ్లాసులు కడగడం కూడా మానేసి గల్లా పెట్టె మీద మోచేతులు ఆనించింది.

"అతకడమేంది, ఆనవాలే చూపిస్తా. బస్సును ఆ గట్టున దించి, ఇంగ ఈ గుండు మోసింది చాల్లే అనుకోని గండికోట కొండెక్కినా. చుట్టూ చూస్తే నరమానవుడు లేడు. భుజం మీంచి ఎనక్కి ఎగరేసినా. దభీమని పడి కొండ నిలువునా రెండుగా చీలింది. ఇప్పుడు మీ పిల్లలంతా సెల్ఫీలు దిగతాండారే ఆ లోయ, అది యాడిదనుకుంటాండారు?"

"రాజులు కోట కట్టకముందు నుంచే ఉంది గదా మామా ఆ లోయ," అన్నాడు అన్సర్, ఉండబట్టలేక.

ఓబుళరెడ్డి తువ్వాలు ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"ముందు సన్న సందు ఉండేదప్పా. ఎడల్పు చేసింది నేను."

జనం ఈలలు వేశారు. ఆ ఈలలతో ముసలాయనకు పూనకం వచ్చినట్టయింది. బెంచీ మీంచి లేచాడు. పైన ఎండకు కట్టిన టార్పాలిన్ పట్ట తలకు తగిలింది.

"పదారేండ్లంటే మీకు అర్థం కాలేదేమో, ఆ పదారు గూడా మా అమ్మ లెక్క. తిథీ వారం చూసి సరిగ్గా లెక్కేస్తే పన్నెండు! మూతి మీద నూగు గూడా మొలవలేదు. పన్నెండేండ్లకే ఎత్తినా! సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి నంజుకోని తిని, పొద్దున్నే ఇంట్లో పాడి ఎనుమును ఎత్తి దించి గాని మొగం కడిగేవాణ్ని గాదు. చూడండి ఈ మనిషిని! ఆరడుగుల రెండంగుళాలు! మా వంశంలో ఇంత పొడుగు ఇంగొకడు పుట్టలేదు!"

సహస్రకు గొంతు దాకా వచ్చింది, అన్నీ అబద్ధాలే అని అరిచేయాలని. అరిస్తే నలుగురిలో ముసలాయన తల దించుకుంటాడు. చేయి పట్టుకుని ఇంటికి లాక్కుపోతాడు. ఆదివారం వస్తుంది, పోతుంది. ఆమె మసరత్ చేతిలోంచి వేడి టీ గ్లాసు అందుకుని, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి జేజినాయన చేతికిచ్చింది.

"జేజినాయనా, నువ్వు చెప్పిందంతా నేను నమ్మతాండా."

"నా మనవరాలురా!" అన్నాడు ఓబుళరెడ్డి చుట్టూ చూసి.

"ఒగటే డౌటు. పన్నెండేండ్లకే గుండూ బస్సూ ఎత్తినావు గదా. మరి గిడసబారకుండా ఆరడుగుల రెండంగుళాలు ఎట్ల పెరిగినావు?"

ఈలలు ఆగిపోయాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్నా మసరత్ చూసుకోలేదు. ఓబుళరెడ్డి నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"చెప్పు మామా," అన్నాడు మొయిన్ మెల్లగా. "గుండు అబద్ధమా, గిడసబారేది అబద్ధమా? ఏదో ఒగటి ఒప్పుకోవాల గదా."

ఓబుళరెడ్డి మనవరాలి వైపు చూశాడు. గుంపు కట్టిన జనం వైపు చూశాడు. టీ ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు. గొంతు సవరించుకుని అన్సర్ మీద ఎగిరిపడ్డాడు.

"అన్సరూ! బరువెత్తితే పిల్లలు గిడసబారతారని చెప్పిన తెలివితక్కువోడు ఎవడ్రా?"