పెట్టెలో పట్టని పిస్టల్

పట్టకపోవడమేమిట్రా? మళ్ళీ పెట్టి చూడు. నెమ్మదిగా పెట్టు. నువ్వలా ఎండుచేపల్ని డబ్బాలో కుక్కినట్టు కుక్కితే ఏ పిస్టలు మాత్రం పడుతుంది?

పోయిన మ్యాచ్‌లో పట్టింది. దానికి ముందు మ్యాచ్‌లోనూ పట్టింది. ఇవాళే ఎందుకు పట్టదంట?

సరే, అరవనులే. సారూ. అన్సెల్మో సారూ. రేంజి ఆఫీసరు ఎర్రచొక్కా తొడుక్కున్నావు కదా, ఇవాళ్టికి నువ్వు సారువే. మూతి మీద మీసం రాని రోజుల్లో ఈ కాల్పుల రేంజికొచ్చి, పిస్టలు పుచ్చుకుని నా వైపే తిరిగితే నీ చేతి మీద ఒక్కటిచ్చింది ఎవరు? ఈ పూరింగే. గుర్తుందా? నవ్వకు. నేను నవ్వే స్థితిలో లేను.

రూలు నాకు చెప్పకు నాయనా. నీకు చెప్పిందే నేను. క్లాసిక్ విభాగంలో కాల్చాలంటే పాతకాలం తీరు పిస్టలు, తూటాలు లేని మ్యాగజైను లోపల పెట్టి, ఈ చెక్కపెట్టెలో ఇమడాలి. అంచు దాటిందో, ఓపెన్ విభాగంలోకి తోసేస్తారు. తెలుసు. ఎంతమందిని నేను తోయలేదు?

అసలు పెట్టే ఉబ్బిందేమో! మొన్నటిదాకా వానలే వానలు. చెక్క నీళ్ళు తాగి లోపల ఇరుకై ఉంటుంది. టేపు పెట్టి కొలువు.

వద్దులే. కొలవకు. ఆ పెట్టె చేసింది మా ఆయన దోరోయే. అది ఉబ్బిందని నేనన్నట్టు తెలిస్తే మళ్ళీ పండగదాకా నాతో మాట్లాడడు. ఈ దనావ్ ఊళ్ళో ఆకురాయి పట్టి తుపాకులు చేసేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు గానీ, దోరో కొలత తప్పిందని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. అల్లదుగో, ఆ టార్పాలిన్ కింద కూర్చున్నాడు చూడు, పూసో అన్నం బుట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని. "నా భార్య ఇవాళ గెలుస్తుంది" అని పక్కవాళ్ళందరికీ చెప్పేసి ఉంటాడు.

వెనక వాళ్ళు ఆగుతారులే. వాళ్ళకేం తొందర? ఎండ ఎక్కడికీ పోదు.

అన్సెల్మో, ఒక్కమాట విను. దవావ్ పోటీలకి వెళ్ళే టీములో ఆడవాళ్ళ క్లాసిక్‌కి ఒక్క చోటే మిగిలింది. ఇవాళ్టి మ్యాచ్‌తో తేలిపోతుంది. అటు ఆ పళ్ళ డాక్టరమ్మ సోకోరో, ఇటు నేను. సోకోరో మంచిదే, కానీ దాని గురి నీకూ తెలుసు నాకూ తెలుసు. మట్టిగోడకి తగిలినన్ని గుళ్ళు గురి అట్టలకి తగలవు. ఇన్నేళ్ళకి నాకొక దారి దొరికింది.

టీముతో నేనెప్పుడూ వెళ్ళలేదనుకునేవు. వెళ్ళాను. వంటకి! ఓడలో డెక్కు మీద పడుకుని, గిన్నెలూ బియ్యం బస్తాలూ కావలి కాసుకుంటూ వెళ్ళాను. వాళ్ళు కాలుస్తుంటే నేను పందిమాంసం తిప్పాను. పతకాలేసుకుని ఫొటో దిగేటప్పుడు, "పూరింగ్, నువ్వూ రావే" అని పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను, చేతిలో గరిటెతో. ఆ ఫొటో ఇప్పటికీ క్లబ్బు గోడ మీద ఉంది. చూసే ఉంటావు.

ఒక్కసారి గరిటె లేకుండా ఆ ఫొటోలో నిలబడదామని. అంతే. పెద్ద కోరికేమీ కాదు కదా?

ఓపెన్‌లోకి తోస్తే ఇంకేముంది? అక్కడెవరున్నారో చూశావుగా. ఆ ఓడల కంపెనీ వాళ్ళమ్మాయి, ఆ కాంట్రాక్టరు గారి రెండో కోడలు. పిస్టలు నెత్తిన ఎర్రచుక్క అద్దం, మూతికి పొగగొట్టం. ఒక్కదాని ఖరీదు పెడితే మా కొట్టు, పొయ్యి, పొయ్యి దగ్గర నన్ను, అన్నీ కలిపి కొనేయొచ్చు. వాళ్ళ మధ్యన నేనా! అయినా ఓపెన్‌కి టీము వేరు, అది ఎప్పుడో నిండిపోయింది.

ఏం మార్చానంటావా? దాచేదేముంది, అన్నీ రూలులో ఉన్నవే. పెద్ద పెద్ద సామాన్లు కొనే తాహతు మాకెక్కడిది? పూసోలమ్మే దాన్ని. కొబ్బరాకుతో బుట్టలల్లి, బియ్యం పోసి ఉడకేసి, గుత్తులు కట్టి అమ్మితే వచ్చే చిల్లరతో ఏం కొంటాం? ఏది చేసినా దోరో ఆకురాయితోనే, ఇంట్లో ఉన్నదానితోనే.

ముందు స్ప్రింగు. పిస్టలు పైనుండే స్లైడు వెనక్కి లాగుతుంటే బండరాయి లాగినట్టుండేది. మెత్తటిది వెయ్యమన్నాను. "ఎందుకే?" అన్నాడు. "ఇప్పుడందరూ మెత్తవే వేయిస్తున్నారు, అదే ఫ్యాషను" అన్నాను. "పిస్టలుకి ఫ్యాషనేంటే ముసలీ, రేపు దానికి గోళ్ళరంగు కూడా అడుగుతావు" అన్నాడు. అంటూనే పాత సామాన్ల డబ్బాలోంచి ఒకటి తీసి వేశాడు.

గోళ్ళరంగు నిజంగానే అడిగాను. గొట్టం కొసనుండే గురిపుల్ల మీద నారింజరంగు చుక్క పెట్టించాను. బజార్లో దొరికే మెరిసేది కొనాలంటే వారం బేరం పోతుంది. పక్కింటి పిల్ల దగ్గర సీసా అడిగి తెచ్చాం. దోరో అగ్గిపుల్లతో పెట్టాడు, పెళ్ళికూతురికి బొట్టు పెట్టినట్టు.

తర్వాత ట్రిగ్గరు. గీసి గీసి, పళ్ళపేస్టు రాసి తోమి తోమి నున్నగా చేశాడు. ఆ పైన పిడికి గరుకుకాగితం అంటించాడు, చేతికి పట్టుండాలని. అది తలుపులకి రుద్దే కాగితమేరా. నా అరచెయ్యి చూడు, ఎలా గీసుకుపోయిందో.

చూశావుగా, ఇంతే. ఒక్కటీ పొడుగు పెంచేది కాదు. ఎత్తు పెంచేది కాదు. మరి ఎందుకు పట్టదు?

ముందే చూసుకోలేదా అంటావా? సంచిలోంచి నేను తీస్తే కదా? నువ్వు తియ్యమన్నాకే తీశాను. ఇక్కడ ఎవరి పిస్టలు వాళ్ళు ముట్టుకోవాలన్నా ఆఫీసరు నోరు తెరవాల్సిందే. ఆ కట్టుబాటు తప్పేదాన్నా నేను? ఇంట్లో తుడిచేదీ ఆయనే, సంచి సర్దేదీ ఆయనే. నేను తెల్లారుజామునే పొయ్యి దగ్గర ఉన్నాను.

ఇలా ఇవ్వు. ఆఁ, ఖాళీయే, చూశావుగా. తిరగెయ్యి. అడుగు చూపించు.

ఇదేంటిది?

ఈ నీలం ముక్క ఏంటి, మ్యాగజైను అడుగున? నాది కాదే. నేను పెట్టించలేదే!

రబ్బరు. వేలెడు మందం ఉంది. అంచులు గుండ్రంగా తిప్పి, ఎంత బాగా... నువ్వు గిల్లకు! నేను చూస్తాను.

మిగతా మ్యాగజైన్లు తియ్యి, నా బెల్టువి. దీనికీ ఉంది. దీనికీ. అన్నిటికీ.

...

అన్సెల్మో. అటు చూడు. టార్పాలిన్ కింద. నువ్వు చూసినట్టు కనబడకుండా చూడు. ఆయన కాళ్ళు చూడు.

ఇంటి దగ్గర్నుంచి మోటారుసైకిలు మీద వచ్చేటప్పుడు, "చెప్పులేవయ్యా?" అన్నాను. "తెగాయే" అన్నాడు. నీలం చెప్పులు. కిందటి ఈస్టరుకి నేనే కొన్నాను. తెగాయని అన్నాడు, నేను నమ్మాను. ఈ కంకరలో, ఈ ఎండలో, పిచ్చిమొహం, చూడు ఎలా ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకుని కూర్చున్నాడో.

ఇది ఎందుకు పెట్టాడో నీకు తెలీదు. నాకు తెలుసు.

వెనక్కి తిరుగు, వాళ్ళకి వినబడకూడదు. నా ఎడమచెయ్యి పట్టు. పట్టుకో, సిగ్గెందుకు, నీ అమ్మలాంటిదాన్ని. నొక్కు. ఇంకా గట్టిగా. చూశావా? నాకేం తెలీదు. ఈ మూడువేళ్ళూ నావి కావు. రోజంతా కొబ్బరాకు అల్లీ అల్లీ, నరం నలిగిపోయిందన్నాడు హెల్త్ సెంటరు డాక్టరు. బుట్టలల్లడం మానెయ్యమన్నాడు. మానేసి ఏం తినాలో చెప్పలేదు.

కుడిచెయ్యి బాగానే ఉందిరా, భయపడకు. కాల్చేది దాంతోనేగా. ప్రమాదం అనిపిస్తే నీకంటే ముందు నేనే తప్పుకునేదాన్ని. స్లైడు లాగాల్సింది ఎడమచేత్తో. మ్యాగజైను కిందనుంచి కొట్టాల్సింది ఎడమచేత్తో. అది కొట్టలేకపోతున్నాను. టక్కుమనే దాకా పోదు. సగంలో ఉంటుంది, కాల్చబోయేసరికి జారి కింద పడుతుంది.

ఇప్పుడు అర్థమైందా? ఫ్యాషనూ లేదు, పాడూ లేదు. స్ప్రింగు మెత్తబరిచింది లాగలేక. రంగు పెట్టింది చూపు ఆనక. కాగితం అంటించింది పట్టు జారి. అందరూ పిస్టలు బాగుచేయించుకుంటారు. నేను నా ఒంటి రిపేర్లన్నీ దానికి చేయించాను. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే పొయ్యి ఆర్పేసి, పిస్టలు బీరువాలో పెట్టి తాళం వేసి, నన్ను మంచం మీద కూర్చోబెడతాడు. అదీ భయం.

పోయిన ఆదివారం ప్రాక్టీసులో మ్యాగజైను జారి నా కాళ్ళ దగ్గర పడింది. ఆయన వెనకాల ఖాళీ తూటాలు ఏరుతున్నాడు. తలెత్తి చూశాడు. "చేతులకి నూనె అంటుకుంది" అన్నాను. "మరి తుడుచుకోవేం" అన్నాడు. మళ్ళీ తూటాలు ఏరుకున్నాడు.

అంతే అన్నాడురా. ఇంకొక్క మాట అనలేదు.

ఇంత మందం ఉంటే వేళ్ళతో పన్లేదు. అరచేతి కింది ఎముకతో ఒక్కటిస్తే చాలు. అది లెక్క చూసుకుని కోశాడు. ఆదివారమే తెలిసిందా? స్ప్రింగు నాడే తెలిసిందా? గోళ్ళరంగు పెడుతూ అన్ని జోకులేశాడే, అప్పటికే తెలుసా? ఇన్నాళ్ళూ నేను ఆయన్ని మభ్యపెడుతున్నాననుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

పెట్టెలో పెట్టి చూడటం మరిచిపోయాడు, అన్సెల్మో. ఆ పెట్టె చేసినవాడే మరిచిపోయాడు. నా కంటబడకుండా గబగబా అంటించి సంచిలో పెట్టేసి ఉంటాడు. దోరో కొలత తప్పడం నేనిదే చూడ్డం.

ఏంటి? పీకేస్తే చాలా? ఇంకా టైముందా?

తెలుసురా. బ్లేడుతో గీస్తే నిమిషంలో ఊడతాయి. పెట్టెలో పడుతుంది. నువ్వు క్లాసిక్ అని రాసేస్తావు. చెయ్యి సహకరిస్తే రెండుసార్లలో ఒకసారి మ్యాగజైను నిలుస్తుంది. సోకోరోని కొట్టడానికి అది చాలేమో కూడా. దవావ్. గరిటె లేని ఫొటో.

పీకు అని నోటిదాకా వచ్చింది. అబద్ధమెందుకు? వచ్చింది.

చూస్తున్నాడురా ఇటే. చెయ్యూపుతున్నాడు. ఊపు, నువ్వూ ఊపు.

ఆ మనిషి ఉత్తకాళ్ళతో కూర్చుని చూస్తుంటే, ఆయన కళ్ళముందే వీటిని పీకి చెత్తలో వెయ్యమంటావా? నా చేతులు రావు. ఉన్నవే రెండు చేతులు, అందులో ఒకటి ఎలాగూ రాదు.

ఓపెన్ అని రాసెయ్.

రాయవయ్యా. ఆలోచించే చెబుతున్నాను. ఆ ఓడల కంపెనీ అమ్మాయి వెనకాల నిలబడతాను. చిట్టచివర నా పేరుంటుంది, చదవడానికి తేలిగ్గా దొరుకుతుంది. దవావ్‌కి సోకోరో వెళ్తుంది. వంటకి నన్నే పిలుస్తారు. వెళ్తానో లేదో చూద్దాం. అలిసిపోయాను నాయనా. ఏడుపు కూడా రావట్లేదు, ఒట్టి అలుపు.

కానీ ఇవాళ ఒక్క మ్యాగజైనూ కింద పడదు. అది చూడు నువ్వు. ప్రతిదీ టక్కుమంటుంది.

ఇదుగో, ఆయన లేచి వస్తున్నాడు. కంకర మీద చూడు ఆ నడక, నిప్పుల మీద కోడిలాగా. ఎందుకొస్తున్నాడో, కూర్చోలేడు కదా. కళ్ళు తుడుచుకో, నీకెందుకురా ఏడుపు, ఎర్రచొక్కా వేసుకుని.

ఏమైందని అడుగుతాడు. పెట్టె ఉబ్బిందని మాత్రం అనకు, ఊరుకోడు. రబ్బరు సంగతి అసలెత్తకు. ముసల్దానికి పెద్దవాళ్ళతో కాల్చాలని మోజు పుట్టిందట, అందరూ ఓపెన్‌లోకే వెళ్తున్నారట, ఇప్పుడదే ఫ్యాషనట అని చెప్పు.

నమ్ముతాడులే. నమ్మినట్టు ఉండటం ఆయనకి బాగా వచ్చు. నాకే ఇవాళ తెలిసింది.