పుట్టెంట్రుకల గేలం

ఏదీ, ఇలగ తే, సూడనీ. కళ్ళజోడు నేకపోతే ఫోన్లో బొమ్మ నాకు ఆనదు. ఊఁ... మోకాల్లోతు నీళ్ళలో నిలబడి కర్ర ఇసురుతున్నాడు, తాడు గాల్లో పాములాగ మెలికలు తిరుగుతున్నాది. డబ్బులెట్టి పై దేశం ఎల్లి మరీ సేపలు పడతన్నారా? సరే, ఎవుడి సరదా ఆడిది. ఒరే కన్నబాబూ, నువ్విది కొత్త అనుకుంతన్నావు గానీ, మన అనకాపల్లి నుంచి ఓ మనిసి ఇందుకోసమే నార్వే దేశం ఎల్లొచ్చేడ్రా. ఒకసారి కాదు, రెండుసార్లు. పంతొమ్మిదొందల అరవైల్లో మాట. ఆదం అని. పోయి శానా ఏళ్ళయిపోనాది, నీకు తెల్దులే. పాత బస్టాండు ఎనకాల సందులో సిన్న కొట్టుండీది. పీర్ల పండక్కి పీర్లకి సింగారాలు, ఫకీర్లు పట్టుకునీ నెమలీకల కుంచెలు, అవి కట్టీవోడు. మా అమ్మ ఎరుకమ్మ పూడిమడక నుంచి సేపల గంప తెచ్చుకుని ఆ కొట్టు పక్కనే కూకునీది. నాను సైకిలు మీద సరుకు తెచ్చి దింపీవోణ్ణి. అలగ స్నేహం. ఆ దేశంలో జరిగినవన్నీ ఆదం నోటంట ఇన్నవే, ఒక్క ముక్క నా సొంతం కాదు.

ఈకలతో ఈగలు కట్టీవోడ్రా ఆదం, దొరలు గేలానికి ఎరగా ఏసుకునీవి. నవ్వకు. ఇంతే గేలం, నీ సిటికెనేలి గోరంత. దానికి కోడి మెడ ఈక సుట్టి, పట్టుదారంతో బిగించి, నెమలి పీలిక ఒకటి తోకకి పెడితే, నీళ్ళలో పడ్డ ఈగలాగే ఉంతాది. రావికమతం, బుచ్చయ్యపేట పక్క పందెంలో సచ్చిపోయిన పుంజుల మెడతోళ్ళు తెచ్చిచ్చీవోరు. పందెం కోడి ఈకకి బిగువుంతాది, తడిసినా వాలిపోదు. ఆ ఈకల కోసమే విశాపట్నం రేవు నుంచి ఓ తెల్లదొర టాక్సీ కట్టుకుని వచ్చేడు. ఇనప రాయి ఎత్తుకెల్లీ ఓడకి కేప్టెను. హల్వర్సన్ అని ఆయన పేరు. మా అమ్మకి నోరు తిరక్క 'అల్లరి దొర' అనీది. అల్లరేటి, పాపం, నోట్లో నాలిక నేని మనిసి. గెడ్డం తెల్లబడ్డాది, ఏబై దాటుంతాయి. మా గంపలో పండుగొప్పని సూసి నిలబడిపోయీవోడు. 'సముద్రంలో ఉంతాదా, ఏట్లోకి వత్తాదా?' అని ఆదం సేత అడిగించీవోడు, ఆదంకి కాస్త ఇంగిలీసు వచ్చును. మా అమ్మ, 'రెండూనూ దొరా, దానిట్టం' అనీది. ఆయనకా మాట శానా నచ్చీది.

ఓడ వచ్చినప్పుడల్లా ఆదం దగ్గర ఈగలు కొనుక్కెల్లీవోడు. ఓ వేసంగిలో అడిగేడు, 'మా ఊరొత్తావా, ఏటి ఒడ్డున కూకుని రోజుకో రకం కట్టాల, సేప దేనికి పడతాదో తెల్దు' అని. ఓడలో పని రాయించి తీసుకెల్తానన్నాడు. ఆదం పెళ్ళాం గుల్జార్‌బీ అన్నాది గదా, 'సేప కోసం సముద్రం దాటుతావా? ఎరుకమ్మ గంపలో నేదా సేప?' అని. ఐనా ఎల్లేడు. లోకం సూడాలని ఉండీది మనిసికి. మరి ఆ దేశం ఎలగుంతాదంతే, వేసంగిలో పొద్దు గుంకదంట్రా. ఔను, ఎటకారం కాదు. ఎర్రగా కొండ మీదకి దిగుతాది, అక్కడే ఆగిపోతాది, మళ్ళా పైకి లేత్తాది. ఆదం ఐదు పూటలా నమాజు సదివీ మనిసి. పొద్దు గుంకితే గదా మగ్రిబ్. గుంకదాయె. గడియారం సూసుకుని సదివీవోడట, గానీ మనసు ఒప్పీది కాదట. నన్ను పేరెట్టి పిలిచి, 'పరదేశీ, సీకటి పడకపోతే దేవుడు మనని సూత్తన్నాడో, ఇంకెవరో సూత్తన్నారో తెలీదురా' అనీవోడు. అప్పుడు నాకు నవ్వొచ్చీది.

ఏరు ఒడ్డున కర్రల ఇల్లు. దొరా, దొర తల్లీ. ముసల్ది, నడుం ఒంగిపోనాది, మాట తక్కువ. ఆ ఏట్లోకి సాల్మన్ అని సేప వత్తాది. మన పులస లాగే అనుకో, సముద్రం నుంచి ఎదురీదుకుంటా వత్తాది. తను పుట్టిన ఏరే ఎతుక్కుంటా వత్తాదట, వేరే ఏట్లోకి ఎల్లదు. సిత్రం ఏటంతే, ఏట్లోకొచ్చేక ఏటీ తినదు. కడుపు మాడ్సుకుని ఈదుతాది. మరి ఈగని ఎందుకు కరుత్తాది అని ఆదం అడిగేడు. దొర, 'తెలీదు. కోపమంటారు కొందరు. సిన్నప్పుడు తిన్నది గుర్తొచ్చి అంటారు కొందరు' అన్నాడు. అన్నాక సెప్పేడు, తనకో తమ్ముడుండీవోడని. ఇద్దరూ సిన్నతనంలో ఇంటి ముందు ఏటి మలుపులోనే గేలాలేసీవోరట. దొరకి ఎనిమిదేళ్ళప్పుడు ఆ పిల్లడు కాలు జారి నీళ్ళలో పడ్డాడు, శవం దొరకనేదు. 'ఇక్కడ దొరకనేదంతే సముద్రంలోకి ఎల్లేడు. సముద్రంలోకి ఎల్లినవి ఎప్పుడికైనా ఇక్కడికే తిరిగొత్తాయి గదా, ఆదం' అన్నాడట. మామూలుగా, మనం బెల్లం రేటు సెప్పుకున్నట్టు. అందుకే ఏటేటా ఏ ఓడలో ఉన్నా, ఏసంగికి ఆడికి సేరిపోతాడు. పట్టిన సేప మొహం కేసి సూసి, మళ్ళా ఒగ్గేత్తాడు.

శాన్నాళ్ళు ఏ ఈగకీ సరైన సేప పడనేదు. ఓ పూట దొర రేకు డబ్బీ ఒకటి తెచ్చి ఆదం ముందెట్టేడు. మూత తీత్తే సన్నటి జుట్టు, మొక్కజొన్న పీసులాగ పసుప్పచ్చగా ఉన్నాది. తమ్ముడివి. పుట్టెంట్రుకలు. తల్లి దాసుకున్నాదట. 'దీంతో కట్టు' అన్నాడు. ఆదం ఆళ్ళల్లో పసిపిల్లడి జుట్టు తీత్తే మట్టిలో పెట్టేత్తారు. మన్లో ఐతే దేవుడికిచ్చేత్తాం. దాసుకోడం ఎక్కడా నేదు. కుదరదన్నాడు. ఆ మనిసి, అంత పెద్ద ఓడని నడిపీ మనిసి, ఆదం రెండు సేతులూ పట్టుకున్నాడు. ఏం సేత్తాడు, కట్టేడు. కట్టినంతసేపూ ఎనకాల గుమ్మంలో ఆ తల్లి నిలబడే ఉన్నాదట.

ఏటి కాడికి ఎల్లేరు. పొద్దు కొండ మీద ఆగిపోయి ఉన్నాది. గాలి నేదు, పిట్ట నేదు. దొర ఇసిరేడు, ఈగ నీళ్ళ మీద వాలీ వాలగానే తాడు బిగిసిపోనాది. సేప పడితే నీకు తెలుసు గదా, గుంజుతాది, ఎగురుతాది, అటూ ఇటూ కొట్టుకుంతాది. ఇది అలగ కాదు. నెమ్మదిగా, ఒకే లాగుడు. నీళ్ళకి ఎదురుగా, పైకి. ఎవరో ఏటి అడుగున నడుత్తున్నట్టు. దొర రీలు తిప్పడం మానేసేడు. దాంతోపాటు తనూ నడవడం మొదలెట్టేడు. మోకాలు, నడుం, రొమ్ము. మాటాడతన్నాడట ఆళ్ళ బాసలో, లాలిపోత్తున్నట్టు. ఆదంకి ఈత వచ్చినా ఆ సలి నీళ్ళకి కాళ్ళు కొయ్యబారిపోనాయి. ఐనా దిగి, దొర కోటు ఎనక పట్టుకున్నాడు. ఆగితేనా? గెడ్డం దాకా వచ్చేసినాయి నీళ్ళు. ఇంక నేదనుకుని, మొలలో దారం కత్తిరించుకునీ కత్తెర తీసి, తాడు అందుకున్నాడు. ఆ తాడు ఆడి సూపుడేలికి సుట్టుకున్నాది. అప్పుడు తెలిసిందట. సేప కాదు. సంటిపిల్లడు మన ఏలు పట్టుకుని, 'రా, సూపిత్తాను రా' అని లాగుతాడు సూడు, అదే బలం. అంతే బలం. ఆదం కోసేసేడు.

దొర ఎనక్కి పడ్డాడు. ఆదం ఈడ్సుకొచ్చి ఒడ్డునేసేడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాడు. మళ్ళా ఆదం రేవులో దిగీ వరకూ ఒక్క మాట మాటాడనేదట ఆ మనిసి. ప్రాణం కాపాడితే, తమ్ముణ్ణి రెండోసారి ముంచేసినట్టు సూసేడట.

ఇంటికొచ్చేక మొదలైంది అసలుది. ఆదం పనిలో కూకుంతే సూపుడేలు ఉండీ ఉండీ ఒక పక్కకి ఎల్లిపోయీది. కళ్ళతో సూసేన్రా నాను. నెమలీక పట్టుకుని మాటాడతా ఉంతే, ఆ ఒక్క ఏలూ నెమ్మదిగా సాగి, వాయవ్యం మూలకి తిరిగీది, ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు. రెండో సేత్తో మూసి పట్టుకునీవోడు. గుల్జార్‌బీ తాయెత్తు కట్టించినాది. డాట్రు నరమన్నాడు. మా అమ్మ, 'నరమూ కాదు, నారా కాదు. పుట్టెంటికలు దేవుడికియ్యకుండా డబ్బీలో దాసుకుంతారేటి? పిల్లడు ఎటెల్లాలో తెల్దు గదా' అన్నాది. ఏలు పట్టు తప్పితే కుంచెలెలా కడతాడు? కొట్టు సగం రోజులు మూసే ఉండీది. శారదానది వంతెన దాటాల్సొస్తే సుట్టూ తిరిగెల్లిపోయీవోడు.

మరుసటి ఏసంగి ఎల్లిపోయేక ఆ ఓడ మళ్ళా వచ్చినాది. దొర నేడు. ఆయన కింద పనిసేసీ మేటు వచ్చేడు కొట్టుకి. దొర ఒక్కడే ఏటికి ఎల్లేడట, తిరిగి రానేదు. కోటు మడతెట్టి రాయి మీద ఉన్నాది, కర్ర ఇసకలో గుచ్చి ఉన్నాది. మనిసి నేడు. 'తల్లి నిన్ను రమ్మంటున్నాది' అన్నాడు మేటు. ఆదం నానెల్లనన్నాడు. ఈసారి గుల్జార్‌బీయే అన్నాది, 'ఎల్లు. అక్కడ తెగిందేదో ఉన్నాది, అది అక్కడే తేలాల. ఇలగ ఏలు మూసుకుని ఎన్నాళ్ళు బతుకుతావు?' అని.

ఎల్లేడు. ఆపై వేసంగికి ఆడికి సేరేసరికి ముసల్ది ఇంకా ఒంగిపోనాది. టేబులు మీద రెండు డబ్బీలు పెట్టినాది. ఒకటి తెలిసిందే. రెండోది కేప్టెను దొరది, ఆయన పుట్టెంట్రుకలు. 'రెండూ కలిపి ఒక్కటి కట్టు' అని మేటు సేత సెప్పించినాది. 'అమ్మా, మా వాళ్ళల్లో ఇవి మట్టిలో పెడతారు, నీళ్ళకెయ్యరు' అన్నాడు ఆదం. ఆవిడ, 'మట్టిలో పెట్టడానికి నా పిల్లలు నా దగ్గర నేరు గదా' అన్నాది. కట్టేడు. ముడేసేక ఆవిడ పటకారు తెచ్చి సేతికిచ్చినాది, గేలం ములుకు ఇరిసీమని. ములుకు నేకపోతే ఏటి పడతాదమ్మా అంతే, 'పట్టడానికి కాదు' అన్నాది.

మళ్ళా అదే మలుపు. అదే గుంకని పొద్దు. ఆవిడ తనే ఇసిరినాది, ఆ ఒంగిన నడుంతో, ఎంత అలవాటో. తాడు బిగిసినాది. ఆదం సూత్తన్నాడు, కాసేపు ఇటు, కాసేపు అటు, ఇద్దరు పంచుకుని లాగినట్టు. ఆవిడ ఒక్క అడుగు ముందుకెయ్యనేదు. నిలబడి మాటాడినాది, మాటాడి, గుప్పెట ఇప్పేసినాది. కర్ర నీళ్ళలో పడి, నీళ్ళ వాలుకి ఎదురు, నిటారుగా, పైకి ఎల్లిపోనాది. మలుపు తిరిగే దాకా సూసేరట. ఆదం ఏలు ఆ క్షణంలోనే వదులైపోనాది. మళ్ళా ఎప్పుడూ లాగనేదు, పోయీ వరకూ నెమలి కుంచెలే కట్టుకున్నాడు.

ఆఁ? ఏటన్నాదా ఆవిడ? అది ఆళ్ళ బాస. ఆ బాసలో ఆదంకి రెండు ముక్కలు రావు, ఐనా ఆ పూట ప్రతి మాటా తెలిసిందంతాడు. 'పిలవడానికి రానేదు నాను. ఇద్దరూ ఒక్కకాడ ఉన్నారో నేదో సూసుకుందామని వచ్చేను. ఇంక సాలు. ఇంటి కేసి సూడకండి, ఆడుకోండి' అన్నాదట. అంతే, మలుపు అవతల నుంచి నవ్వు ఇనబడ్డాదట. ముగ్గురూ ఇన్నారు, మేటు కూడా. ఇద్దరు పిల్లల నవ్వు. కేప్టెను దొర గెడ్డం నెరిసిన మనిసి, నాను ఎరుగుదును గదా, మా గంప ముందు నిలబడీవోడు. ఆ నవ్వు ఎనిమిదేళ్ళ పిల్లడిదిరా.

...

ఊఁ. ఏటలగ సూత్తన్నావు. అదిగో, మాకవరపాలెం బస్సు పెట్టేడు. లే, సీటు అట్టిపెట్టుకో, తరవాత దానికి నిలబడాల.