బ్రిడ్జి దగ్గర ఎడమకి తిరిగిన ఆటో

నా పేరు కె. ఎలీసమ్మ. వయసు 67. రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్ని. కాపురం కొత్తపేట. ఎస్సై గారు అడిగిన మీదట చెబుతున్నాను.

18.6.2024 మంగళవారం ఉదయం 8.40కి, కళ్ళ డాక్టరు కోసం అమలాపురం వెళ్దామని అంజిబాబు ఆటో ఎక్కేను. బస్టాండు దగ్గర దింపమన్నాను. అంజిబాబు నా దగ్గర చదువుకున్నవాడే. నేను రిటైరయ్యేదాకా పద్నాలుగేళ్ళు రోజూ ఆ టైముకే నన్ను బడికి తీసుకెళ్ళేడు. నేను రిటైరైన ఏడాదే కువైట్ వెళ్ళి, ఈమధ్యే వచ్చి మళ్ళీ ఆటో తోలుతున్నాడు.

దారంతా పాత సంగతులే. వానకి క్లాసు కారిన రోజు. పదో తరగతి వాళ్ళు నా గొడుగు దాచేసిన రోజు. ఇద్దరం నవ్వుకున్నాం. కాలవ బ్రిడ్జి దాటేక బస్టాండుకి తిన్నగా వెళ్ళాలి. అంజిబాబు సిగ్నల్ వెయ్యకుండా ఎడమకి, బడి రోడ్డులోకి తిప్పేడు. ఆకుకూరల గంపతో నడిచొస్తున్న వీరాయమ్మ గారికి ఆటో తగిలింది. పడిపోయేరు. రోడ్డంతా తోటకూర. తోటకూర, గోంగూర.

"ఎటు పోతున్నావయ్యా?" అన్నారావిడ, దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని.

"ఆయ్, బడికండీ," అన్నాడు. అప్పుడు నావంక చూసేడు. మొహం పాలిపోయింది.

అదే ఆటోలో ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళేం. మణికట్టు విరిగిందన్నారు. అక్కణ్ణుంచి అంజిబాబు తనంతట తనే స్టేషన్‌కి వచ్చేడు.

ముందు స్టేషన్లో రాసిన కాయితంలో ఆటో తిప్పిన తీరు 'రాష్‌లీ' అని ఉంది. అది కాదు, 'అన్‌థింకింగ్లీ' అని రాయమన్నాను. "రెండూ ఆలోచించకుండా చెయ్యడమే కదా మేడం?" అన్నారు ఎస్సై గారు. కాదండీ. ప్రమాదమని తెలిసీ దూసుకెళ్తే రాష్‌లీ. మనసు ఎక్కడో ఉండి, చేతులు అలవాటుకొద్దీ తిప్పేస్తే అన్‌థింకింగ్లీ. ఆటో నెమ్మదిగానే ఉంది. తప్పు కాదనను. ఆవిడ చెయ్యి విరిగింది, తప్పే. కానీ లైసెన్సు పోతే వాడి బతుకు పోతుంది. ఏ తప్పు చేసేడో ఆ తప్పే రాయమంటున్నాను. ఎస్సై గారు సరేనని నా మాట నా మాటగానే రాయించేరు.

ఇంకొకటి కూడా రాయండి. ఎడమకి తిరగడం నేను చూసేను. ఇటు కాదని చెప్పాలని నాకు తట్టలేదు. అప్పటికే బ్యాగు భుజాన తగిలించుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, దిగడానికి సిద్ధంగా ఉన్నాను. మొదటి బెల్లు కొట్టేసుంటారేమోనని కంగారు కూడా పడ్డాను.

ఇదంతా నాకు చదివి వినిపించేరు. నేను చెప్పినట్టే ఉంది, నిజమే. ఎవరి బలవంతమూ లేకుండా సంతకం చేస్తున్నాను.

(సం.) కె. ఎలీసమ్మ
20.6.2024