పదకొండు కెర్నెళ్లు

అమెరికాలోని సుపీరియర్ సరస్సు రేవులో కట్టిన అలల కొలత పరికరం ముందు ఒక యువ ఇంజినీరు, ఆమె బాస్ నిలబడ్డారు. రేపటి నుంచి చేపల పడవలు దాని అంకె చూసే బయలుదేరతాయి. దాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ని, అంటే కెర్నెల్‌ని, ఆమె పాతదే ఉంచింది.

"కొత్త లైనక్స్ కెర్నెల్ ఉండగా ఈ పాతదెందుకమ్మా? మ్యూజియంలో పెట్టడానికా?"

"కొత్తదాంతో బోర్డు లేస్తుంది బాస్, అల కొలిచే సెన్సర్ లేవదు. సెన్సర్‌ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ని ఈ పాతదానికే రాశారు. పదకొండు కెర్నెళ్లు ఎక్కించి చూశాను, దీంతోనే పనిచేసింది."

"నిన్న కొత్తది నేనే ఎక్కించా. ఒక్క తప్పూ చూపించలేదే!"

"అల ఎంతెత్తు చూపించింది?"

"సున్నా. సరస్సు నిద్రపోతోందనుకున్నా."

"నిన్న గాలికి మీ టోపీ నీళ్లలో పడింది కదా బాస్!"

ఆయన బట్టతల తడుముకుని నవ్వాడు.

"పాతదే ఉంచు. అనుమతి కాగితం మీద సంతకం కూడా నువ్వే పెట్టు."

"అది మీరు పెట్టేది కదా?"

"ఎదురు చెప్పేవాళ్లు లేక ఇన్నాళ్లూ పెట్టాను. ఇప్పుడు నువ్వున్నావుగా."

ఆమె సంతకం కాస్త పెద్దదిగానే పెట్టింది.